ఏడో సూచన

పొద్దున్న పదింటికి డిటెక్టివ్ ఆఫీసు తలుపు తోసుకుని వచ్చిన యువతి కాళ్ళకు రెండు రకాల చెప్పులున్నాయి. ఎడమకాలికి నీలం పట్టీది, కుడికాలికి నల్ల పట్టీది. ఆ సంగతి ఆమెకే తెలియదు. కుర్చీ చూపించినా కూర్చోకుండా, లాప్‌టాప్ సంచీని గుండెలకు హత్తుకుని, "ఇక్కడ నిదానం గారంటే ఎవరండీ?" అని అడిగింది.

"నేనే. ముందు కూర్చో అమ్మా. చెప్పులు కూడా చూసుకోకుండా వచ్చావంటే రాత్రంతా నిద్ర లేనట్టుంది," అన్నాడు కిటికీ పక్కన కూర్చున్న పెద్దమనిషి.

ఆమె కాళ్ళకేసి చూసుకుంది. నవ్వబోయి ఏడ్చేసింది.

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ ఊరంతా నిదానం అనే అంటారు. ఇరవై రెండేళ్ళు బీమా కంపెనీలో ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఒకసారి ఓ గోడౌన్ తగలబడుతుంటే అందరూ బిందెలు పట్టుకుని పరుగెత్తారట. ఈయన మాత్రం రోడ్డు మీద నిలబడి, లోపలి సరుకు నిన్ననే బయటికి ఎందుకు పోయిందని కాపలావాణ్ణి అడిగాడట. ఆ పేరు అప్పట్నుంచి అతుక్కుపోయింది. ఆయనకు అసిస్టెంటు మేనకోడలు. ఆమెకు నోరూ వేగమే, చేతులూ వేగమే. మావయ్యంత తెలివైనవాడు భూమ్మీద లేడని ఆమె గట్టి నమ్మకం. అది తెలిస్తే ఆయన నెత్తికెక్కి కూర్చుంటాడని పగలంతా దెప్పుతూ ఉంటుంది.

మేనకోడలు మంచినీళ్ళిచ్చింది. వచ్చినామె గ్లాసు ఖాళీ చేసి మొదలుపెట్టింది.

"నేను వెబ్‌సైట్లు డిజైన్ చేస్తాను సార్. ఏ కంపెనీలోనూ కాదు, సొంతంగా, ఇంట్లో కూర్చుని. నాకు బోర్డు లేదు, షాపు లేదు. ఒకరికి పని చేసిపెడితే వాళ్ళు ఇంకొకరికి చెప్పాలి, ఫలానా అమ్మాయిని నమ్మొచ్చు అని. ఆ మాట మీదే బతుకుతున్నాను. ఇవాళ సాయంత్రం ఆరింటికి ఆ మాట పోతుంది."

"మొదట్నుంచి చెప్పు. తొందరేం లేదు."

"ఆరింటికేనట మావయ్యా," అంది మేనకోడలు.

"ఇప్పుడు పదే కదా."

డిజైనర్ చెప్పింది ఇదీ. ఊళ్ళో ఒక పాత బూట్ల షాపు ఉంది. అక్కాతమ్ముళ్ళు చూసుకుంటారు, వాళ్ళ బాబాయి చేత్తో కుడతాడు. అక్కడ అందరికీ బూట్లు చెయ్యరు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళు, ఒక పాదం పెద్దది ఇంకొకటి చిన్నది అయినవాళ్ళు, ప్రమాదంలో వేళ్ళు పోయినవాళ్ళు, ఇలాంటివాళ్ళు దూరదూరాల నుంచి వెతుక్కుంటూ వస్తారు. నడవలేనివాళ్ళే అంత దూరం నడిచి రావాల్సి రావడం అక్కకు నచ్చలేదు. ఇంట్లోనే కూర్చుని తమ పాదం తామే కొలుచుకుని పంపే వీలున్న వెబ్‌సైట్ కావాలంది. రెడీమేడ్ నమూనాలు అందుకు పనికిరావు. డిజైనర్ మూడు నెలలు ఆ షాపులో కూర్చుని, తన కాళ్ళు కూడా కొలిపించుకుని, తొమ్మిది పేజీల సైటు తయారుచేసింది. తెరవడానికి ఇంకో వారం ఉందనగా, నాలుగు రోజుల కిందట బజారులో అద్దాల షాపని అందరూ పిలిచే పెద్ద బూట్ల షాపు వాళ్ళ కొత్త వెబ్‌సైట్ వచ్చింది. అందులో నాలుగు పేజీలు ఈమె చేసినవే.

"మా సైటు ఇంకా ఎవరికీ కనపడదు సార్. పాస్‌వర్డ్ పెట్టాను. అది తెలిసింది ముగ్గురికే. అక్కగారికి, తమ్ముడుగారికి, నాకు. 'మేమిద్దరం ఇంటివాళ్ళం, మిగిలింది నువ్వే' అన్నారు తమ్ముడుగారు. డిజైనర్లని వెతుక్కునేవాళ్ళంతా చూసే చోటొకటుంది ఆన్‌లైన్లో, అందులో పెట్టడానికి నేను దొంగనని రాసి సిద్ధంగా ఉంచుకున్నారు. తప్పు ఒప్పుకుంటావా లేదా, సాయంత్రం ఆరు దాకా టైమిస్తున్నాను, ఆ తర్వాత పెట్టేస్తానన్నారు. చెయ్యని తప్పు ఎలా ఒప్పుకోను?"

నిదానం కాసేపు ఆమెనే చూశాడు. "ఇంకొకటుంది. అది చెప్పలేదు."

ఆమె తల దించుకుంది. "నెల కిందట అద్దాల షాపాయన నాకు ఫోన్ చేశాడు. తన సైటు చేసిపెట్టమన్నాడు. చెయ్యనన్నాను. ఆ సంగతి అక్కగారికి చెప్పలేదు. ఊరికే ఎందుకు గొడవ అనుకున్నాను. ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు?"

"నమ్మడం తర్వాత. రెండు సైట్లూ పక్కపక్కన పెట్టి చూపించు."

మేనకోడలు రెండు తెరలు సిద్ధం చేసింది. పేజీల అమరిక అంతా ఒకటే, రంగులు మాత్రం వేరు. డిజైనర్ చేసినది నిగనిగలాడే గోధుమరంగు. బాబాయి ఇచ్చిన తోలు ముక్కను పక్కన పెట్టుకుని మూడు రోజులు కుస్తీ పట్టి ఆ రంగు సాధించానని చెప్పింది. అద్దాల షాపుది వంకాయ రంగు. ఈమెవి తొమ్మిది పేజీలు. వాళ్ళు ఎత్తుకున్నవి నాలుగే: షాపు కథ, పాదం కొలిచే పద్ధతి, తోలు రకాలు, తరచుగా అడిగే ప్రశ్నలు. మిగతావి వాళ్ళే ఏదో అతుకులబొంతలా కలుపుకున్నారు.

"కొలిచే పద్ధతిలో నీ సూచనలు ఎన్ని?" అన్నాడు నిదానం.

"ఆరు."

"వాళ్ళవి ఏడు."

మేనకోడలు ఏడోది పైకి చదివింది. "పాదాన్ని సాయంత్రం పూట కొలవండి. రోజంతా తిరిగాక పాదం కాస్త పొంగుతుంది."

"అది నేను రాయలేదు సార్," అంది డిజైనర్. "నిజానికి బాగుంది. తట్టి ఉంటే నేనే పెట్టేదాన్ని."

"వాడే సొంతంగా కలిపి ఉంటాడు," అంది మేనకోడలు.

"ఆరు సూచనల్లో ఒక్క మాట మార్చుకునే ఓపిక లేనివాడు ఏడోది సొంతంగా రాస్తాడా? పోనీ పాస్‌వర్డ్ దొంగిలించి లోపలికి వచ్చాడే అనుకుందాం. తాళం తీసి వంటింట్లోకి దూరిన దొంగ తొమ్మిది గిన్నెల్లో నాలుగే ఎందుకు పట్టుకెళతాడు?"

"చేతులు ఖాళీ లేక."

"లేదా వాడసలు వంటింట్లోకే రాలేదేమో." నిదానం లేచి గొడుగు అందుకున్నాడు. ఎండకైనా వానకైనా ఆయన చేతిలో గొడుగుండాల్సిందే. "పద, షాపు చూద్దాం."

షాపు ముందుగది చిన్నది, వెనకగది పెద్దది. వెనకగదిలో కప్పు నుంచి బూట్లు కుట్టడానికి వాడే చెక్క పాదాలు జతలు జతలుగా వేలాడుతున్నాయి. ఒక్కో జతకు ఒక చీటీ. ఏ జతలోనూ రెండు పాదాలు ఒకలా లేవు. గదంతా తోలు వాసన, జిగురు వాసన. తలుపు పక్క గోడకు అంటించిన కాగితం మీద 'దయచేసి వరుసలో కూర్చోండి' అని అచ్చయి ఉంది, పైన షాపు గుర్తు. మేనకోడలు దాన్ని చూసి, మళ్ళీ చూసి, మావయ్య మోచేతిని గిల్లింది. ఆయన చూడనట్టే ముందుకు నడిచాడు.

తమ్ముడు ముప్పై దాటిన మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ఫోను. డిజైనర్‌ను చూడగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"డిటెక్టివ్‌ని కూడా తెచ్చుకుందా? నిప్పు లేనిదే పొగ రాదండీ. ముగ్గురిలో ఇద్దరం ఇంటివాళ్ళం."

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడనే సామెత కూడా ఉంది కదండీ," అన్నాడు నిదానం మెల్లిగా.

తమ్ముడి మొహం ఎర్రబడింది. "మూడు నెలలు మా ఇంట్లో మనిషిలా తిరిగింది. మా తాత కథ చెప్పాం, మా అత్త సంగతి చెప్పాం. బయటివాళ్ళకి ఎప్పుడూ చెప్పనివి చెప్పాం. ఇప్పుడవన్నీ ఆ అద్దాల షాపువాడి సైటులో ఉన్నాయి. ఎలా ఉంటుందో మీకేం తెలుసు?"

కోపం వెనక అతను నిజంగానే బాధపడుతున్నాడని నిదానానికి అర్థమైంది.

అక్క కౌంటరు వెనక ఉంది. నలభై ఏళ్ళుంటాయి. డిజైనర్‌కు కుర్చీ జరిపింది గానీ కళ్ళలోకి చూడలేకపోయింది.

"నేను నమ్మలేదండీ," అంది. "అలాగని ఇంకో దారీ కనపడట్లేదు."

"సైటులో తప్పొప్పులు ఎవరు చూసేవారు?"

"బాబాయే. కానీ ఆయన తెర మీద చదవడు. కళ్ళు లాగుతాయంటాడు. అందుకని నేను పేజీలన్నీ ప్రింటు తీసి ఇచ్చేదాన్ని. ఆయన ఎర్ర పెన్సిల్‌తో గీసేవాడు. ఆ కాగితాన్ని ఫోటో తీసి ఈ అమ్మాయికి పంపేదాన్ని. అలా నాలుగుసార్లు జరిగింది. మూడోసారి ఇచ్చి మూడు వారాలైంది."

"ఆ గోడ మీది కాగితం కూడా మీ ప్రింటరుదేనా?"

"అవునండీ. రంగు చూసి నవ్వకండి. లోపల ఏదో ఒక ఇంకు అయిపోయింది. మార్చాలి మార్చాలి అనుకుంటూనే ఉన్నాం."

గోడ మీద షాపు గుర్తు గోధుమరంగులో లేదు, ఊదాగా ఉంది. మేనకోడలు ఈసారి మావయ్యను గిల్లలేదు, గుడ్లు మాత్రం పెద్దవి చేసింది.

బాబాయి కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని మడమకు మేకులు దిగ్గొడుతున్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. బల్ల కింద తోలు ముక్కలు, దారపు చుట్టలు, చిత్తు కాగితాలు వేటికవే డబ్బాల్లో ఉన్నాయి. ఆయన ఏదీ పారెయ్యడని చూడగానే తెలుస్తుంది.

"నమస్కారమండీ. నా కాళ్ళు కూడా కొలుస్తారా?" అన్నాడు నిదానం.

బాబాయి కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఇప్పుడు కాదు, సాయంత్రం రండి. పొద్దున కొలిచిన బూటు సాయంత్రానికి పట్టేస్తుంది. ఆ సంగతి రాసిచ్చాను కూడా. పట్టించుకునేదెవరు? వాళ్ళకి కంప్యూటరు చెప్పిందే వేదం."

డిజైనర్ తల ఎత్తింది. ఏదో అనబోయింది. నిదానం చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"అయినా మీకెందుకు మా బూట్లు?" అన్నాడు బాబాయి. "మీ కాళ్ళు రెండూ ఒకటే. ఇలాంటి కాళ్ళవాళ్ళు ఇక్కడికి రారు. జత కోసం రెండు నెలలు ఆగాలి. బజారుకి పోతే అరగంటలో పని అయిపోతుంది."

"ఎప్పుడూ రారా?"

"ఎందుకొస్తారు? కాళ్ళు కుదురుగా ఉండీ రెండు నెలలు చెప్పుల్లేకుండా తిరగడానికి వాళ్ళకేమైనా పిచ్చా?"

నిదానం బల్ల చివర ఆరబెట్టిన కొత్త జతను చేతిలోకి తీసుకున్నాడు. ఒకదాని అడుగు ఇంకోదానికంటే రెండు వేళ్ళ మందం. లోపల కాగితం కుక్కి ఉంది.

"అది తియ్యకండి. ముక్కు కుంగిపోతుంది," అన్నాడు బాబాయి. "ఒక్కో బూటుకి రెండు కాగితాలు. తొడుక్కునేవాడే తీసుకోవాలి."

"మంచి పద్ధతి." నిదానం జాగ్రత్తగా జతను యథాస్థానంలో పెట్టేశాడు. "మీ కొలతల పుస్తకం ఒకసారి చూడొచ్చా?"

లావుపాటి పుస్తకం అది. ఒక్కో పేజీకి ఒక్కో మనిషి, పాదాల గీత, పక్కన అంకెలు, కింద ఫోను నంబరు, జత పట్టుకెళ్ళిన తేదీ. నిదానం కుర్చీ లాక్కుని మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టాడు. తమ్ముడు గడియారం చూశాడు. మేనకోడలు గడియారం చూసింది. డిజైనర్ గడియారం చూడలేక గోడకేసి చూస్తూ కూర్చుంది. గంటన్నర గడిచాక ఆయన ఒక పేజీ దగ్గర ఆగి, ఒక నంబరు చీటీ మీద రాసి మేనకోడలి చేతిలో పెట్టాడు.

ఆమె వీధిలోకి వెళ్ళి ఫోన్ చేసి రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అనుకున్నదేనా?" అన్నాడు.

"మావయ్యా, మీరు..." అని పొగడబోయి తమాయించుకుని, "అదేనండీ," అంది.

"అయితే అద్దాల షాపు యజమానిని, తన అల్లుణ్ణి వెంటబెట్టుకుని నాలుగింటికి ఇక్కడికి రమ్మను. వెబ్‌సైట్ గురించి ఈ షాపువాళ్ళు రాజీకొచ్చారని చెప్పు. పరుగెత్తుకుంటూ వస్తాడు."

నాలుగుకు పది నిమిషాలుండగానే ఆయన వచ్చాడు. అత్తరు వాసన ముందొచ్చి, ఆయన వెనకొచ్చాడు. ఆ వెనక అల్లుడు, నెమ్మదైన మనిషి, ఎవరికీ అడ్డం రానట్టు గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నాడు. వెనకగదిలో అందరికీ స్టూళ్ళు వేశారు. వేలాడే చెక్క పాదాల కింద నిదానం నిలబడ్డాడు. తమ్ముడు ఫోను చేత్తోనే పట్టుకుని ఉన్నాడు. ఆరు దాకా ఆగాలని లేదన్నట్టుంది వాలకం.

"నేను మెల్లిగా చెబుతాను. ఓపిక పట్టండి," అన్నాడు నిదానం. "ఈ అమ్మాయి పని ఎవరో తీసుకెళ్ళారు. పాస్‌వర్డుతో లోపలికి వచ్చినవాడైతే తొమ్మిది పేజీలూ పట్టుకెళ్ళేవాడు. రంగు కూడా ఉన్నదున్నట్టు వచ్చేది. కానీ మన దొంగకు దొరికింది నాలుగు పేజీలు, వంకాయ రంగులో. ఈ అమ్మాయి కంప్యూటరులో వంకాయ రంగు ఎక్కడా లేదు. ఎక్కడుంది?"

"గోడ మీద," అంది మేనకోడలు ఉండబట్టలేక.

అందరూ తలుపు పక్క కాగితం వైపు చూశారు.

"పసుపు ఇంకు అయిపోయిన ప్రింటర్లో గోధుమరంగు వంకాయ రంగవుతుంది. కాబట్టి దొంగ చూసింది తెరను కాదు, కాగితాన్ని. ఇప్పుడు ఏడో సూచన. అక్కగారూ, మూడోసారి మీరు తీసిన ఫోటోలు ఒకసారి చూడండి. సాయంత్రం పూట కొలవమన్న మాట ఉందా?"

అక్క ఫోనులో వెతికింది. "లేదండీ. ఆరే ఉన్నాయి."

"రాశానే!" అన్నాడు బాబాయి. "చోటు చాలక కాగితం తిప్పి వెనక రాశాను."

"వెనకా?" అక్క నోటి మీద చెయ్యేసుకుంది. "నేను ముందువైపే ఫోటో తీశాను బాబాయ్."

"అదీ సంగతి," అన్నాడు నిదానం. "ఆ మాట ఈ అమ్మాయికి చేరనే లేదు. తనకు తెలియనిదాన్ని ఎవరూ అమ్ముకోలేరు. ప్రపంచం మొత్తమ్మీద ఏడో సూచన ఉన్నది ఒకే ఒక్క కాగితం వెనక. ఆ కాగితం ఎవరి దగ్గరుంటే వాళ్ళే కాపీ కొట్టారు."

తమ్ముడి చేతిలోని ఫోను మెల్లగా ఒళ్ళోకి దిగింది.

"మరి కాగితం ఎలా బయటికి పోయింది?" అన్నాడతను. గొంతులో పొద్దుటి బిగువు లేదు.

నిదానం ఆరబెట్టిన జతను తెచ్చి బాబాయి ముందు పెట్టాడు. "ఇప్పుడు తియ్యొచ్చాండీ?"

బాబాయి బూటు ముక్కులోంచి కాగితపు ఉండ లాగి బల్ల మీద సాపు చేశాడు. ఊదారంగు అక్షరాలు, మధ్యమధ్య ఎర్ర పెన్సిల్ గీతలు. 'మా తోలు రకాలు', నాలుగో ప్రతి. ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయాడు. రెండో ఉండ తియ్యడానికి చెయ్యి రాలేదు.

"ఫోటో తీశాక ఆ కాగితాలు మీ చిత్తు కాగితాల డబ్బాలోకి వచ్చేవి. మీరు ఏదీ పారెయ్యరు. ఒక్కో బూటుకి రెండు, జతకి నాలుగు. దొంగకు నాలుగు పేజీలే ఎందుకు దొరికాయో ఇక చెప్పక్కర్లేదు కదా."

"నా చేత్తో నేనే పంపించానా?" అన్నాడు బాబాయి. డిజైనర్ వైపు తిరిగి, "నా చేత్తో నేనే చేసి నిన్ను ఏడిపించానా తల్లీ?" అన్నాడు.

"మీకేం తెలుసు బాబాయి గారూ," అంది ఆమె. ఆయన్ను చూసి ఆమెకే జాలేసింది.

"తెలియక చేసింది తప్పు కాదు," అన్నాడు నిదానం. "తెలిసి చేసినవాళ్ళ సంగతి చూద్దాం. ఈ పుస్తకంలో నాలుగు వందల మంది కాళ్ళున్నాయి. ఏ ఇద్దరివీ ఒకలా లేవు, ఏ ఒక్కరి రెండు కాళ్ళూ ఒకలా లేవు. ఒక్క మనిషివి తప్ప. ఎడమ ఇరవై ఆరు, కుడి ఇరవై ఆరు. మందం ఒకటే, ఎత్తు ఒకటే. బంగారంలాంటి కాళ్ళు. ఆయన రెండు నెలలు ఆగి మరీ ఒక జత చేయించుకుని, పద్దెనిమిది రోజుల కిందట పట్టుకెళ్ళాడు. కింద ఇచ్చిన నంబరుకు మా మేనకోడలు ఫోన్ చేసింది. 'అద్దాల షాపండీ, ఏం కావాలి' అన్నారు. పుస్తకంలోని పేరు చెబితే, యజమానిగారి అల్లుడన్నారు."

అల్లుడు రెండు కాళ్ళూ కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఇంక ఎవరూ ఏమీ అడగనక్కర్లేకపోయింది.

బాబాయి అతన్ని తేరిపార చూసి, "బజారు బూట్లు తొడిగితే కాళ్ళు నొప్పులన్నావనే కదయ్యా నీకు కుట్టిచ్చాను," అన్నాడు.

"మావయ్య గారే వెళ్ళమన్నారండీ," అన్నాడు అల్లుడు నేలకేసి చూస్తూ. "బూటు కోసి, లోపల ఎలా కుడతారో చూద్దామన్నారు. కోస్తే కాగితాలు బయటపడ్డాయి."

అద్దాల షాపు యజమాని గొంతు సవరించుకున్నాడు. "దొంగతనం ఏముందిందులో? నేను కొనుక్కున్న బూటు. బూటులో ఉన్నది కూడా నాదే కదా! అయినా నేను ఆ అమ్మాయికే పనిద్దామనుకున్నాను. రానంది. ఇంకొకడితో చేయించుకున్నాను."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికెవడో. అయితే ఆ మాటతో ఆయన డిజైనర్ నిర్దోషి అని తన నోటితోనే సాక్ష్యం చెప్పేశాడు. మేనకోడలు పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

"కాగితం మీదే," అన్నాడు నిదానం. "దాని మీద రాసి ఉన్న తాత కూడా మీవాడేనా?"

"అంటే?"

"మీ సైటులో 'మా కథ' అని ఒక పేజీ ఉంది. మీ తాతగారు కాలు పొట్టిదైన కూతురి కోసం మొదటి జత కుట్టాడని, ఆమె మొదటిసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వీధి చివరిదాకా నడిచిందని రాశారు. ఆ కూతురెవరో చెబుతారా?"

ఆయన అల్లుడి వైపు చూశాడు.

"ఆవిడ మా అక్క," అన్నాడు బాబాయి. "ఆ రోజు ఆవిడ వెనకాల నడిచింది నేను. పడితే పట్టుకుందామని. పడలేదు. అది రాయడానికి నాకు వారం పట్టింది. నువ్వు నీ తాతను వదిలేసి మా నాన్నను పట్టుకెళ్ళావేమిటయ్యా?"

అద్దాల షాపు యజమాని మొదటిసారి ఆ గదిలో అందరికంటే చిన్నవాడిగా కనిపించాడు. పేజీలన్నీ చదివే తీరిక ఆయనకు లేదనీ, సైటు చేసినవాడికి కాగితాలు పడేసి ఇలాగే దించెయ్యమన్నాననీ గొణిగాడు.

"ఆ నాలుగు పేజీలూ ఇప్పుడే తీసేస్తే గొడవ ఇక్కడితో పోతుంది," అన్నాడు నిదానం. "లేదంటే ఎర్ర పెన్సిల్ రాతతో సహా ఆ కాగితం కోర్టులో చూపించాల్సి వస్తుంది. తొందరేం లేదు, ఆలోచించుకోండి."

తొందర లేకపోవడం ఆ ఒక్కసారి ఎవరికీ నచ్చలేదు. అల్లుడైతే మావగారి అనుమతి కూడా అడగకుండానే ఫోన్ తీసి సైటు చేసినవాడితో మాట్లాడాడు. పది నిమిషాలకు మేనకోడలు తన తెర మీద చూసి, "పోయాయి. నాలుగూ పోయాయి," అంది. అత్తరు వాసన వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అల్లుడు గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, బాబాయికి చేతులు జోడించి మరీ వెళ్ళాడు.

గదిలో అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. నాలుగు రోజులుగా ఆ ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అక్క తమ్ముణ్ణి అనుమానించింది, తమ్ముడు లోలోపల బాబాయిని కూడా అనుమానించాడు, ఆ సంగతులు ఇప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. ఆ మాట తెలియగానే అక్క కౌంటరు మీద తల వాల్చి, నవ్వుతూ ఏడ్చింది.

తమ్ముడు లేచి డిజైనర్ ముందుకొచ్చాడు. ఫోను ఆమె వైపు తిప్పి, రాసి పెట్టినదంతా ఆమె చూస్తుండగానే చెరిపేశాడు.

"నోటికొచ్చినట్టు మాట్లాడాను. మూడు నెలలు పక్కన కూర్చుని పనిచేసిన మనిషిని ఒక్క గంటలో దొంగని చేసేశాను," అన్నాడు. "అదే చోట ఇంకోటి రాస్తాను. నిజం రాస్తాను. చదివి బాగుందంటేనే పెడతాను."

ఆమె సరేనని తల ఊపింది. గుండెల మీది కొండ దిగాక మనిషి ఎంత తేలికవుతుందో ఆ క్షణంలో ఆమెకు తెలిసింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆకలి కూడా వేసింది. అక్క అది కనిపెట్టినట్టు లోపలికెళ్ళి టీ, బిస్కెట్లు తెచ్చింది.

మేనకోడలు మావయ్య పక్కకు చేరి, "గంటన్నర పుస్తకం తిప్పారు, నా ప్రాణం పోయిందనుకోండి. కానీ..." అంది.

"కానీ?"

"కానీ ఏం లేదు. టీ తాగండి," అంది. కళ్ళ నిండా మురిపెం దాచుకోలేకపోయింది.

డిజైనర్ లాప్‌టాప్ తెరిచి, అక్కడికక్కడే ఏడో సూచన చేర్చింది. బాబాయి కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. మొదటిసారి ఆయన తెర వైపు చూడటం. పేజీ పైనుంచి కిందికి మెల్లిగా జరపమన్నాడు. చివరిదాకా వచ్చాక ఇంకా కిందికి జరపమన్నాడు.

"ఇంక లేదు బాబాయి గారూ. అయిపోయింది."

"నీ పేరేదీ?"

"డిజైనర్ల పేర్లు పెట్టరండీ. షాపు మీది కదా."

బాబాయి బల్ల మీది బూటు తిరగేసి, లోపలి అట్ట పైకెత్తి చూపించాడు. తోలు మీద చిన్న ముద్ర ఉంది. "ఇది నాది. తొడుక్కున్నవాడికి కనపడదు. మా నాన్నకొకటి ఉండేది. ముద్ర లేకుండా ఈ గుమ్మం దాటి ఒక్క జత పోలేదు. నీది పెట్టు."

ఆమె అక్క వైపు చూసింది. అక్క పెట్టమన్నట్టు తలూపింది. తమ్ముడు, "పెట్టండి," అన్నాడు.

డిజైనర్ పేజీ అడుగున, ఒక మూలన, చిన్న అక్షరాల్లో తన పేరు టైపు చేసింది.

బాబాయి కళ్ళజోడు సర్దుకుని తెర మీదికి వంగాడు. "పెద్దది చెయ్యమ్మా," అన్నాడు. "ఎవరికీ కనపడట్లేదు."